మాస్టారి మూసేయం

నాకు జర్మన్ రాదు. ఈ మూడు మాటలూ మొదటి రోజే పైకి అనేసి ఉంటే నాకూ, ఒక పెద్దాయనకీ, ఒక గదికీ కూడా మేలు జరిగేది. అనలేదు. దురుద్దేశంతో కాదు, దురుద్దేశానికి కావలసినంత తెలివి నాకెప్పుడూ లేదు. వట్టి మొహమాటం. మొహమాటానికి పోతే కడుపైందని మనవాళ్ళ సామెత. నాకు జర్మన్ వచ్చింది. వచ్చిందని ఊరంతా అనుకుంది, కాదనడానికి నాకు నోరు రాలేదు.

అప్పటికి జర్మనీతో నాకున్న చుట్టరికమల్లా మా అమ్మమ్మ వంటింట్లోని జర్మన్ సిల్వర్ గిన్నె. దాంట్లో వెండి లేదు. అది జర్మనీ మొహం చూసిందీ లేదు. అయినా ఆ పేరు మోస్తూనే ఏళ్ళ తరబడి పాలు కాచింది. నా పాండిత్యం కూడా అచ్చం ఆ లోహమే. కాకపోతే నాలో పాలు కూడా కాగలేదు.

మేముండేది ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌కి గంటన్నర దూరంలో, ద్రాక్షతోటల మధ్య ఒక చిన్న ఊరు. మా ఆవిడ అక్కడి నర్సింగ్ హోమ్‌లో నర్సు. చిన్న ఊళ్ళలో పనిచేసేవాళ్ళకిచ్చే రీజనల్ వీసా పుణ్యమా అని వచ్చి, శాశ్వత నివాసానికి పీఆర్ అయ్యాక కూడా కదల బద్ధకించి ఉండిపోయాం. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే పుట్టడానికి వెళ్ళే చోటు. ఇక్కడ పోవడానికి వెళ్ళే చోటు. ఈ తేడా మా అత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా ఫోన్లో "ఇవాళ కాన్పులేమైనా అయ్యాయా అమ్మా?" అనే అడిగేది. నాది ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఊళ్ళో మిగతా అందరిదీ వైన్ టేస్టింగు. ఒక్క దీర్ఘం దగ్గర బతుకులు ఎంత తేడా వచ్చాయో చూడండి.

ఊరి చివర చర్చి పక్కన పాతకాలపు రాతి బడి ఉంది. పిల్లలు కొత్త బడికి మారిపోయాక అందులో ఒక గదిని మ్యూజియం చేశారు. ఒక గొప్ప జర్మన్ రచయిత మ్యూజియం. ఆయన పేరు రాయను. రాస్తే ఎలా పలకాలో అడుగుతారు, అది నాకిప్పటికీ చేతకాదు. ఆ మహానుభావుడు ఈ ఊరు రాలేదు సరికదా, ఈ ఖండం వైపే చూడలేదు. ఆయన మేనకోడలు ఒకావిడ, మతం గొడవలకి పారిపోయి వచ్చిన జనంతో పాటు ఓడెక్కి, ఇక్కడ దిగింది. దిగుతూ మావయ్య సామాన్ల పెట్టె ఒకటి దింపుకుంది. రాతబల్ల, సిరాబుడ్డి, రాత్రిళ్ళు పెట్టుకునే ఊలు టోపీ. వీటన్నిటికీ మించి, గాజుపెట్టెలో, ఆయన చనిపోయిన పూట ముఖం మీద ప్లాస్టర్ పోసి తీసిన అచ్చు. మూసిన కళ్ళు, బిగించిన పెదవులు. ఇంకొక్క ప్రశ్న వేస్తే లేచి తిట్టేలా ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్ళింది సాహిత్యాభిలాషతో కాదు, వాన పడుతుంటే తలదాచుకోవడానికి. తలుపు పక్క కుర్చీలో ఒక పెద్దాయన, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. అదే బడిలో, అదే గదిలో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు శనాదివారాలు ఉచితంగా మ్యూజియం తెరిచి కూర్చుంటాడు. వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి గదంతా నాకొక్కడికే చూపించాడు. సిరాబుడ్డి గురించి చెప్పినప్పుడు ఆయన గొంతు ఎలా ఉందంటే, అందులో సిరా ఇంకా ఆరలేదేమో అనిపించింది.

వాన తగ్గింది. వెళ్ళొస్తానని చెప్పాలి. ఇక్కడ పదేళ్ళ పిల్ల కూడా టీచర్ని పేరు పెట్టి పిలుస్తుంది. నాకు నాలుక తిరగలేదు. పాఠాలు చెప్పిన మనిషిని పేరుతో పిలిస్తే కళ్ళు పోతాయని చెప్పి పెంచారు. పుట్టిన గడ్డ మీద అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

"థాంక్యూ మాస్టారూ."

ఆయన ఫ్లాస్కు కింద పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. "మైస్టర్?" అన్నాడు.

వాళ్ళ భాషలో గురువునీ, గొప్ప కళాకారుణ్ణీ మైస్టర్ అంటారట. నాకేం తెలుసు? అదే మాట కాస్త వంకరగా పలుకుతున్నాడనుకున్నాను. "అవును, మాస్టారు," అన్నాను. ఆయన లేచి నిలబడి, నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, గడగడా ఏదో అడిగాడు. దాంట్లో నాకు దొరికింది 'దాయ్చ్' అనే ముక్క ఒక్కటే. జర్మన్ గురించేనని ఊహించాను.

మన తలకి ఒక ఊపుంది. అది అవునూ కాదు, కాదూ కాదు. 'మీరు కానివ్వండి, వింటున్నా' అని దానర్థం. ఆ ఊపు ఊపాను. మన తలకాయకి ఆస్ట్రేలియాలో డిక్షనరీ లేదు. ఆయన అవుననుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తిరిగిన మనిషితో 'కాదండీ, వాన పడుతుంటే లోపలికొచ్చాను' అని ఎలా అనడం?

ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే ఆవిడ పట్టుకున్నది జర్మన్‌ని కాదు, గాజుపెట్టెని.

"చచ్చిపోయినాయన మొహం చూసొచ్చారా? గుమ్మంలోనే ఆగండి. ఏం ముట్టుకోకండి. స్నానం చేసి రండి."

"అది ప్లాస్టర్ అచ్చే. పోయి రెండొందల ఏళ్ళు."

"ఏళ్ళు ఎన్నైతే ఏం, మైల మైలే."

"మరి నువ్వు హోమ్‌లో చూసేవాళ్ళో?"

"అది డ్యూటీ. డ్యూటీకి మైల లేదు."

అలా నా శనివారం స్నానాలు మొదలయ్యాయి. మ్యూజియం, తలంటు. ఆ రచయిత పుణ్యమా అని ఆ ఏడాది ఉన్న నాలుగు వెంట్రుకలూ శుభ్రంగా ఉన్నాయి.

మాస్టారు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ రచయిత పుస్తకంలోంచి ఒక పేజీ చదివేవాడు. నేను తల ఊపేవాణ్ణి. ఒక్కోచోట ఆగి, నా మొహంలోకి చూసి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఎక్కడ నవ్వాలో ఆయన ముందు నవ్వి చూపిస్తాడు కాబట్టి పెద్ద కష్టం కాలేదు. నా తప్పు నాకు తెలుసు. ఫోన్లో జర్మన్ నేర్పే యాప్ వేసుకుని, పొద్దున్నే కాఫీతో పాటు పాఠాలు చెప్పించుకున్నాను. ఆ భాషలో చెంచా మగవాడు, ఫోర్కు ఆడది, కత్తి నపుంసకం. భోజనానికి కూర్చుంటే సంసారమంతా బల్ల మీదే. అమ్మాయి కూడా నపుంసకమేనని తెలిసి ముందు నవ్వాను. తరవాత మన తెలుగులో అమ్మాయీ 'వచ్చింది', ఆవూ 'వచ్చింది' అని గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను. నాలుగు నెలలయ్యాక నాకు పట్టుబడిన వాక్యం 'నేను యాపిల్ తింటున్నాను' ఒక్కటే. ఆ మాట మాస్టారితో అనే సందర్భం రాలేదు. ఆయన దగ్గర ఎప్పుడూ బిస్కెట్లే ఉండేవి.

ఆయన ఇంగ్లీషులో చెప్పిన సంగతులు కొన్ని మాత్రం నిజంగా విన్నాను. చిన్నప్పుడు, జర్మనీతో యుద్ధం రోజుల్లో, వీధిలో ఆ భాష వినబడితే పోలీసులొచ్చేవారట. వాళ్ళమ్మ కిటికీలు మూసి, తెరలు దించి, వంటింట్లో గుసగుసగా మాటలు నేర్పేదట. "నా భాష నాకు గాలి తగలకుండా వచ్చింది," అన్నాడొకసారి. ఊళ్ళో ఆ భాష తెలిసినవాళ్ళు ఒకరొకరే పోయారు. ఆఖరికి ఆయన మిగిలాడు. ఆయన ఆ గదిని ఎప్పుడూ ఇంగ్లీషు పేరుతో పిలవలేదు. 'మూజేయుమ్' అనేవాడు, మధ్యలో సాగదీసి.

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. 'మూసేయం' అన్నట్టే వినిపించింది. మ్యూజియం అనే మాటలోనే 'మూసెయ్యం' అన్న హామీ ఉందని అంతవరకూ నాకు తట్టలేదు. ఇంగ్లీషులో చెప్పి ఆయనకి వివరించాను. ఆయన కుర్చీలో ఊగి ఊగి నవ్వాడు. "మీ భాష మా కౌన్సిల్ కంటే మంచిది," అన్నాడు.

ఆ కౌన్సిల్‌లో, అంటే ఊరి మున్సిపాలిటీలో, టూరిజం చూసే ఒకావిడ ఉండేది. చెడ్డ మనిషి కాదు. నవ్వుతూ తలుపులు మూసే రకం. ఎవరినైనా డార్లింగ్‌ని కురచ చేసి డార్ల్ అంటుంది, దేనికైనా నో వరీస్ అంటుంది. నో వరీస్ అంటే నీకు బెంగ వద్దని కాదు, నీ బెంగ నాకొద్దని. మ్యూజియానికి ఎవరూ రావడం లేదు, పక్క వైన్ కంపెనీ ఆ గది అడుగుతోంది. పైగా మాస్టారు తప్ప అక్కడి జర్మన్ కాగితాలు చదివి చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆయన తరవాత ఎవరు? ఇదీ ఆవిడ ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. ఒక శనివారం వచ్చి అడిగేసింది.

మాస్టారు వేలితో నన్ను చూపించాడు.

"మీకు జర్మన్ వచ్చా, డార్ల్?" అందావిడ నా వైపు తిరిగి. "ఇండియాలో నేర్పుతారా?"

నేను మాస్టారి వంక చూశాను. ఆ గది మూతపడితే ఆయనకి ఇంక శనివారాలు లేవు, చదివి వినిపించడానికి మనిషి లేడు. అది మొహం మీదే రాసి ఉంది. ఆ రాత చదవడానికి మాత్రం భాష అక్కర్లేదు.

"కొద్దిగా," అన్నాను.

"వినయం," అన్నాడు మాస్టారు గర్వంగా. "వాళ్ళ దేశంలో అంతే."

మ్యూజియం నిలబడింది, నా అబద్ధం మీద. ఆ సాయంత్రం మా ఆవిడ, "గైడ్ అయ్యారన్నమాట," అంది. గైడుకీ గాడిదకీ మొదటి అక్షరం ఒకటే, చేసే పనీ ఒకటే, మొయ్యడం అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఆయనకి నిజం చెప్పండి. రేపు ఆయనకేమైనా అయితే అందరూ మిమ్మల్నే చూస్తారు," అంది. చెబుదామనే అనుకున్నాను. వచ్చే శనివారం చెబుదామని.

జూన్‌లో, ఇక్కడ చలికాలం మొదలైన వారంలో, మాస్టారికి స్ట్రోక్ వచ్చింది. ఒక పక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి మా ఆవిడ పనిచేసే హోమ్‌కే తీసుకొచ్చారు. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది గానీ, వచ్చింది జర్మన్ ఒక్కటే. ఎనభై ఏళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు, పిల్లలకి పాఠాలు చెప్పిన ఇంగ్లీషు, తుడిచిపెట్టుకుపోయింది.

"ఇలా అవుతుందండీ," అంది మా ఆవిడ. "మా వింగ్‌లో ఇటాలియన్ అవ్వ ఒకావిడ ఉండేది, ఆవిడకీ అంతే. ముందొచ్చిన భాషే ఆఖరికి మిగుల్తుంది. మీ పేరు చెప్పారు అందరూ. జర్మన్ వచ్చినాయన ఉన్నాడు కదా, పిలవమని మేనేజర్ అంటోంది. ఏం చెప్పమంటారు?"

ఏం చెబుతాను? వెళ్ళాను.

ఆ గది వాసన నేను రాయను. ముసలితనం వాసన అందరికీ వచ్చేదే. టీవీలో ఎవరో వంట చేస్తున్నారు, చూసేవాళ్ళు లేరు. మాస్టారు దిండు మీద ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పళ్ళు తీసి గ్లాసులో వేశారు. నన్ను చూసి ఆయన ఆరోగ్యంగా ఉన్న చెయ్యి ఎత్తాడు. బతికించే మనిషి వచ్చాడని ఆ చెయ్యి చెబుతోంది.

"నిన్నట్నుంచీ ఒకటే మాట," అంది అక్కడ పనిచేసే అమ్మాయి. "కాల్డ్, కాల్డ్ అంటున్నాడు. ఎవరికో ఫోన్ చెయ్యమంటున్నాడని పెర్త్‌లో వాళ్ళమ్మాయికి కాల్ చేశాం. ఆవిడ బయలుదేరింది. అయినా ఆపడం లేదు. మీరు కనుక్కోండి." అని వెళ్ళిపోయింది.

ఫోన్ తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను, తర్జుమా చేస్తుందేమోనని. పళ్ళు లేని నోరు, పడిపోయిన పెదవి, పైగా వంటింటి యాస. ఫోన్ కాసేపు ఆలోచించి 'మేకకి పెళ్ళి' అని రాసింది. ఫోన్ జేబులో పెట్టేసి, నా చెవినే ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

"కాల్ట్," అన్నాడు మాస్టారు. "కాల్ట్... కాల్ట్..."

నాకు వెంటనే అర్థమైంది. అంత వెంటనే ఏదీ నాకు అర్థమవదు, అప్పుడే అనుమానించాల్సింది. మా అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు "ఒళ్ళు కాల్తా ఉందిరా" అనేది. అదే మాట, అదే మూలుగు. కాల్తా... కాల్తా... పాపం, ఒళ్ళు కాలిపోతోంది ఈయనకి! ఆయన చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. జ్వరం రాబోయే ముందు చేతులు చల్లబడతాయి కదా అని నాకు నేనే వైద్యం చెప్పుకున్నాను. చేతిని కాదని చెవిని నమ్మినవాణ్ణి ఏమంటారో మీకు తెలుసు.

దుప్పటి మోకాళ్ళ దాకా లాగేశాను. కిటికీ ఎంత తెరుచుకుంటుందో అంతా తెరిచాను. బయట ద్రాక్షతోటల మీంచి వచ్చే గాలి, జూలై గాలి, కత్తిలా లోపలికొచ్చింది. తువ్వాలు తడిపి నుదుటి మీద వేశాను.

"కాల్ట్!" అని అరిచాడు మాస్టారు.

"అయిపోయింది, మాస్టారూ, అయిపోయింది. చల్లబడుతుంది," అన్నాను తెలుగులో, తువ్వాలు మళ్ళీ తడుపుతూ.

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. హాయిగా ఉందేమో అనుకున్నాను. ఈ వాక్యం రాయకుండా తప్పించుకోవచ్చేమోనని చాలా చూశాను.

సూట్‌కేసుతో లోపలికొచ్చిన అరవై ఏళ్ళావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. పెర్త్ నుంచి కూతురు. కిటికీని చూసింది, తువ్వాల్ని చూసింది, తండ్రిని చూసింది. ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. ఆవిడ పరుగెత్తి కిటికీ మూసింది. దుప్పటి గొంతు దాకా కప్పింది. తన కోటు విప్పి పైన వేసింది.

"చలేస్తోందంటున్నాడు నాన్న," అంది. "కాల్ట్ అంటే చలి. నాకొచ్చిన జర్మనంతా ఆ ఒక్క మాటే. చిన్నప్పుడు ఏ కొళాయి చన్నీళ్ళదో చెప్పడానికి నేర్పాడు." తరవాత నా వైపు తిరిగింది. "మీకు జర్మన్ వచ్చని నాన్న ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేవాడు. మీరేనా ఆయన?"

నా తల ఊగడం మొదలుపెట్టింది. ఆపాను. "నాకు జర్మన్ రాదు," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండును. తండ్రి పాదాలు తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. ఆయనకి జలుబు చేసింది గానీ, అదృష్టం, ఛాతీకి దిగలేదు. ఆ మాట మా ఆవిడ రోజూ చెప్పేది, నేను రోజూ అడిగేవాణ్ణి కాబట్టి.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ వడ్డిస్తున్న గరిటె కింద పెట్టింది.

"మనకీ ఇంగ్లీష్ పోతే ఏమండీ?" అంది. "ఈ హోమ్‌లోనే కదా మనం కూడా. మీరు చలి చలి అంటారు. వాళ్ళు చిల్లీ సాస్ తెచ్చిస్తారు."

ఇక్కడే పెరిగిన మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తకుండానే "దట్స్ నాట్ ఫన్నీ, అమ్మా," అంది. తెలుగు అర్థమైంది పిల్లకి, జవాబు తెలుగులో రాలేదు. మేమిద్దరం ఆ జవాబు వంక చాలాసేపు చూశాం.

కౌన్సిల్ ఆవిడ నా జర్మన్ గురించి మాస్టారి కూతుర్ని అడిగింది, కూతురు ఉన్నమాట చెప్పింది. నేను వెళ్ళి ఒక ఏడాది గడువివ్వమన్నాను, నిజంగా నేర్చుకుంటానన్నాను. "సో స్వీట్," అందావిడ. "కానీ డార్ల్, ఇన్నాళ్ళూ రాకుండానే నడిపేశారు కదా, ఇప్పుడు వచ్చినా తేడా ఏముంటుంది? నో వరీస్." ఆ వారంలోనే మ్యూజియానికి తాళం వేశారు. రాతబల్లా, సిరాబుడ్డీ, టోపీ పెట్టెల్లో పెట్టి సిటీలో ఏదో గోడౌన్‌కి పంపేశారు. పట్టుకెళ్ళే లారీని వీధి చివర నిలబడి చూశాను. మన ఊళ్ళలో శవం వెళ్తుంటే అరుగు మీంచి దిగి నిలబడతాం కదా, అలా.

మాస్టారికి ఈ సంగతి చెప్పకూడదని కూతురూ నేనూ అనుకున్నాం. చెప్పడానికి భాష ఎవరి దగ్గరా లేదు కూడా. ఆవిడ పెర్త్ వెళ్ళిపోతూ, "వీలైతే వెళ్ళి కూర్చోండి. కిటికీ ముట్టుకోకండి," అంది. అందులో చిన్న నవ్వుంది. ఆ నవ్వుకి నేనింకా రుణపడి ఉన్నాను.

వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఆయన జర్మన్‌లో చెప్పేవాడు, నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఎవరి వంతు వాళ్ళం మర్యాదగా ఆగేవాళ్ళం. మ్యూజియం తెరిచే ఉందనీ, ఇవాళ బస్సు నిండా జనం వచ్చారనీ, ఒక పిల్లాడు ఆ టోపీ చూసి నవ్వాడనీ నోటికొచ్చిన అబద్ధాలు చెప్పేవాణ్ణి. అర్థంకాని మనిషితో చెప్పేది అబద్ధమవుతుందో కాదో నాకు తెలియదు. ఒకరోజు ఆయన కళ్ళు తెరిచి, నన్నే చూస్తూ, ప్రశ్నలా తోక ఎత్తి అడిగాడు.

"మూజేయుమ్?"

"మూసేయం, మాస్టారూ," అన్నాను. "మూసేయం."

"మూజేయుమ్," అన్నాడాయన తృప్తిగా, కళ్ళు మూసుకుని.

ఆ తరవాత రోజూ అదే మాట. ఆయన అడిగేవాడు, నేను హామీ ఇచ్చేవాణ్ణి. తాళం వేసిన గది గురించి ఇద్దరం చెరో భాషలో ఒకే మాట అనుకునేవాళ్ళం. నాకు జర్మన్ రాదన్న సంగతి ఆయనకి మొదట్నుంచీ తెలిసే ఉంటుందనీ, వినేవాడొకడు దొరికితే చాలనుకున్నాడనీ మా ఆవిడ అంటుంది. తెలియలేదనే నేను అనుకుంటాను. తెలిసీ అన్నాళ్ళు చదివాడంటే నాకు ఇంకా సిగ్గు.

ఆగస్టు చివర, ఒక తెల్లారుజామున పోయాడు. ఆ పూట డ్యూటీలో ఉన్నది మా ఆవిడే. ఇంటికొచ్చి, గుమ్మంలో ఆగి, తిన్నగా స్నానాలగదిలోకి వెళ్ళింది. డ్యూటీకి మైల లేదన్న మాట నేను గుర్తు చెయ్యలేదు. చర్చిలో ప్రార్థన అంతా ఇంగ్లీషులో జరిగింది. పాస్టర్‌కి కూడా జర్మన్ రాదు. పెట్టెలో పడుకున్నవాడికి తప్ప ఆ ఊళ్ళో ఆ భాష ఇంకెవరికీ రాదు.

అక్టోబరులో, ఇక్కడి వసంతం వచ్చేసరికి వైన్ గది తయారైంది. పాత బడి రాయి అలాగే ఉంచి, లోపల పొడుగాటి చెక్క బల్ల వేశారు. రచయిత పేరే పెట్టారు, మంచి పేరు కదా అని. ప్రారంభానికి ముందు కౌన్సిల్ ఆవిడ నన్ను పిలిచి చూపించింది. సీసాల అరలో, రెండు ఎర్ర వైన్‌ల మధ్య, ఆ ప్లాస్టర్ ముఖం ఉంది. కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి. కింద చిన్న దీపం.

"అన్నీ పంపేశాం గానీ ఇది ఉంచుకున్నాం," అంది. "గదికి ఒక క్యారెక్టర్ వచ్చింది కదా?"

వచ్చిందన్నాను. ఇంకేమంటాను?

గుమ్మం పక్కనున్న పొడుగాటి తెల్లగోడ చూపించింది. టూరిస్టులు మాట్లాడే భాషలన్నిటిలో 'వెల్‌కమ్' అని బంగారు రంగుతో రాయిస్తోందట. చైనీస్, జపనీస్, హిందీ అప్పటికే మెరుస్తున్నాయి. సిడ్నీ, మెల్‌బోర్న్ నుంచి మనవాళ్ళు లాంగ్ వీకెండ్లకి కార్లేసుకుని చాలామంది వస్తున్నారని లెక్క తేలిందట. "మీ భాషలో కూడా పెట్టాలి, డార్ల్. మీరు కాగితం మీద రాసిస్తే మా పెయింటర్ అలాగే దించేస్తాడు. జర్మన్ కాదులెండి, కంగారు పడకండి," అని నవ్వింది.

కాగితం తీసుకున్నాను. 'స్వాగతం' అని రాద్దామనే పెన్ను తెరిచాను. అరలోంచి ఆ ముఖం కనబడుతోంది. మన ఊళ్ళలో ఒక గోడ మీద ఎవరికైనా కాస్త మమకారం ఉంటే, దాన్ని ఎలాగైనా కాపాడుకోవాలనుకుంటే, దాని మీద రాసే మాట ఒకటే. అది మన జాతి మొత్తానికి కంఠతా వచ్చు. గుండ్రటి అక్షరాల్లో, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడా తప్పకుండా, ముత్యాల్లా రాసిచ్చాను.

ఇచ్చట మూత్రము పోయరాదు.

ఆవిడ కాగితం దూరంగా పెట్టి చూసుకుంది. "ఎంత అందమైన లిపి! వెల్‌కమ్‌కి ఇంత పొడుగా?"

"మాకు మర్యాద ఎక్కువండీ," అన్నాను.

"మాటకి మాట అర్థం ఏంటి?"

"ఈ గోడని గౌరవించండి, అని."

"ఓ, లవ్లీ!" అంది. మిగతా అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా, బంగారు రంగుతో రాయించింది.